ఎండ మసకబారిన వేసవి: బెంజమిను ఫ్రాంక్లిను చరిత్రము

బెంజమిను ఫ్రాంక్లిను పేరు వినని విద్యార్థి మన పాఠశాలలో ఉండడని మా నమ్మకము. గాలిపటము నెగురవేసి మేఘములలోని మెరుపు విద్యుచ్ఛక్తియే యని చూపినవాడనియు, ఇండ్లకు పిడుగు తగులకుండ ఇనుపకడ్డీలను నిలుప నేర్పినవాడనియు, అమెరికా సంయుక్త రాష్ట్రముల స్వాతంత్ర్యమునకై పాటుపడిన పెద్దలలో నొకడనియు మన బాలబాలికలు వాచకములలో చదివియే యుందురు. అయితే ఆ మహాశయుడు 78 ఏండ్ల ముదిమియందు, గడచిన వేసవిలో ఎండ ఏల మసకబారెనని తర్కించి వ్రాసిన వ్యాసమొకటి కలదు. అందలి పుటలు మిక్కిలి కొద్ది. అందలి ప్రశ్న మాత్రము నేటికిని విడువక శాస్త్రజ్ఞులను వెంటాడుచున్నది. ఆ వ్యాసము పుట్టిన తెరగును, దానిని వ్రాసినవాని జీవితమును ఇచ్చట సంగ్రహముగా చెప్పదలచితిమి.

ఫ్రాంక్లిను 1706 వ సంవత్సరము జనవరి 17 వ తేదీన బోస్టను పట్టణమున జన్మించెను. తండ్రి జోసయా ఇంగ్లండు విడిచి వచ్చి కొవ్వొత్తులును, సబ్బును చేసి అమ్ముకొని జీవించువాడు. ఆయనకు బిడ్డలు 17 గురు. కుమారులలో కడగొట్టువాడు బెంజమిను. వీనిని దైవసేవకు అర్పింపవలెనని తండ్రి మొదట సంకల్పించి 8 వ యేట లాటిను బడికి పంపెను. కాని పెద్ద కుటుంబము, చాలీచాలని రాబడి. కావున 10 వ యేటనే చదువు మాన్పించి వత్తులు కత్తిరించుటకును, అచ్చులలో కొవ్వు పోయుటకును పెట్టెను. ఆ పని బాలునకు రుచింపలేదు. 12 వ యేట అన్నయగు జేమ్సు నడుపు అచ్చుకూటమున పనివాడుగా చేరెను. పగలెల్ల అక్షరములు కూర్చుట, రాత్రివేళ ఎరువు తెచ్చిన పుస్తకములు చదివి తెల్లవారకమునుపే తిరిగి యిచ్చివేయుట, ఇదియే అతని కళాశాల. అన్నతో పొసగక 17 వ యేట ఇల్లు విడిచి, కొద్దిపాటి చిల్లరతో ఫిలడెల్ఫియా నగరము చేరెను.

ఆ నగరమే అతనికి స్వస్థలమయ్యెను. కష్టించి సొంత అచ్చుకూటము పెట్టి, వార్తాపత్రిక నడిపెను. 1731 లో స్నేహితులతో చేరి చందాల మీద గ్రంథాలయమును స్థాపించెను. 1736 లో ఇండ్లు తగులబడినప్పుడు ఆర్పుటకై స్వచ్ఛంద దళమును కూర్చెను. అతని సంపాదనకు ముఖ్యాధారము మాత్రము 1732 మొదలు ఏటేట అచ్చువేసిన పంచాంగము. మన పంచాంగములవలెనే అందు సూర్యచంద్రుల ఉదయాస్తమయములును, గ్రహణములును, ఏ నెలలో వాన, ఏ నెలలో మంచు అను జోస్యములును ఉండెడివి. రిచర్డు సాండర్సు అను కల్పితనామముతో వ్రాసిన ఆ పంచాంగము ఏడాదికి పదివేల ప్రతుల వరకు చెల్లెడిది. వాన జోస్యముల యందు ఫ్రాంక్లినుకు నమ్మకము లేదు. అవి తప్పుచుండునని తానే అందులో పరిహాసము చేసికొనెడివాడు. ముందుగా తెలిసికొనుట సాధ్యమైనచో మేలే, కాని కారణమెరుగక చెప్పు జోస్యమునకు విలువ లేదని అతడు తెలిసినవాడు.

ఈ ముందుగా తెలిసికొనుట అనునది అతనికి పరిహాసము కాని దినమొకటి వచ్చెను. 1736 లో ఫ్రాంక్లిను చిన్న కుమారుడు ఫ్రాన్సిసు మశూచి సోకి నాల్గవ యేట మరణించెను. ఆ కాలమున మశూచి రాకుండుటకై రోగి పొక్కులనుండి రసము తీసి ఆరోగ్యవంతుల చర్మములో నెక్కించు పద్ధతి కొత్తగా వచ్చియుండెను. ఫ్రాంక్లిను దానిని పత్రికలో సమర్థించినవాడే. అయినను పిల్లవాడు విరేచనములతో బలహీనుడై యుండుటచేత, కోలుకొన్న పిదప చేయింతమని వాయిదా వేసెను. అంతలో రోగము వచ్చెను. టీకావలననే పిల్లవాడు చనిపోయెనని ఊరిలో పుకారు పుట్టగా, తల్లిదండ్రులు భయపడి మానుకొందురేమో యని, తన దుఃఖమును మింగుకొని, పిల్లవానికి టీకా వేయించనే లేదను నిజమును పత్రికలో ప్రకటించెను. అటుపిమ్మట యాబది యేండ్ల వరకును ఆ పశ్చాత్తాపము అతనిని విడువలేదు. తెలిసియుండియు సకాలమున చేయలేకపోతినన్న వేదన యెట్టిదో ఎరిగినవాడు గనుకనే, ఆపద రాకమునుపే దాని జాడ పట్టవలెనన్న తపన అతని శాస్త్రపరిశోధన కంతటికిని అంతర్వాహినియై యుండెనని మేము తలంతుము.

ఫ్రాంక్లిను పరిశోధనకు యంత్రములకన్న కన్నులును, కాళ్లును, ఉత్తరములును ఎక్కువ తోడ్పడినవి. 1739 లో జార్జి విట్‌ఫీల్డు అను ప్రసిద్ధ సువార్త ప్రసంగి ఫిలడెల్ఫియాకు వచ్చి ఆరుబయట ప్రసంగించెను. జనులెల్లరు ముందుకు తోసికొనిపోవుచుండ, ఫ్రాంక్లిను మాత్రము కంఠధ్వని ఎంత దూరము వినవచ్చునో కనుగొనుటకు వీధివెంట వెనుకకు నడచిపోయెను. ధ్వని అందిన మేరను వ్యాసార్ధముగా తీసికొని, మనిషికి రెండు చదరపుటడుగుల చోటు చొప్పున లెక్కవేసి, ముప్పదివేలమందికి పైగా ఆ ప్రసంగమును వినగలరని తేల్చెను. మతసిద్ధాంతములలో ఆ యిద్దరికి ఏకాభిప్రాయము లేకున్నను, స్నేహము మాత్రము విట్‌ఫీల్డు మరణించువరకు చెడలేదు. ఆ ప్రసంగములను అచ్చువేసి ప్రకటించినవాడును ఫ్రాంక్లినే.

1743 వ సంవత్సరము అక్టోబరు మాసమున ఒక చంద్రగ్రహణము చూడవలెనని అతడు కాచుకొనియుండగా, ఫిలడెల్ఫియాలో ఈశాన్యపు గాలితో తుపాను కమ్మి ఆకాశమును మూసివేసెను. గాలి ఈశాన్యమునుండి వీచుచున్నది గనుక, ఆ దిక్కుననున్న బోస్టనులో తుపాను అంతకు మునుపే కలిగియుండునని అతడు తలచెను. తీరా అన్నగారి ఉత్తరము రాగా, బోస్టనులో గ్రహణము చక్కగా కనబడెననియు, తుపాను ఆ తరువాతనే వచ్చెననియు తెలిసెను. గాలి వీచు దిక్కు వేరు, తుపాను నడచు దిక్కు వేరు! పలు పట్టణములనుండి వార్తలు తెప్పించుకొని పోల్చిచూచి, ఆ తుపానులు నైరృతినుండి ఈశాన్యమునకు కదలునని నిర్ణయించెను. ఒక ఊరి ఆకాశమును ఆ ఊరిలోనే నిలుచుండి అర్థము చేసికొనజాలమని అతడు గ్రహించినది అప్పుడే.

1752 లోని గాలిపటపు కథ అందరెరిగినదే గనుక విడుచుచున్నాము. దానికి మూడేండ్ల పిమ్మట జరిగిన మరియొక సంగతి అంతగా తెలియదు. 1755 లో మేరీలాండునందు మిత్రులతో గుర్రములమీద పోవుచుండగా, లోయలో చిన్న సుడిగాలి లేచి త్రోవలోని ధూళిని పైకెత్తుచు వచ్చెను. తక్కినవారు నిలిచి చూచుచుండిరి. ఫ్రాంక్లిను గుర్రమును దాని ప్రక్కనే నడిపించి, కొరడాతో కొట్టి అది విరిగిపోవునేమో చూచెను. విరుగలేదు. అది త్రోవ విడిచి అడవిలోనికి పోగా తానును వెంబడించెను. ఎండుటాకులు గుండ్రముగా తిరుగుచు చెట్ల కొనలకు పైగా లేచిపోవుటయు, తుదకు సుడి కంటికి మరుగైన పిదప ఆకులు దూరదూరముగా రాలుటయు కనిపెట్టెను. నేలమీది దుమ్ము గాలిలో నిలువుగా లేచి, ఎక్కడనో పడునను ఈ చిన్న దృశ్యము అతని మనస్సులో నిలిచిపోయియుండును.

1776 లో అమెరికనులు ఇంగ్లండునుండి విడివడినప్పుడు, 70 ఏండ్ల వృద్ధుడైన ఫ్రాంక్లినును ఫ్రాన్సు దేశమునకు రాయబారిగా పంపిరి. పారిసు చెంతనున్న పాసీ గ్రామమున అతడు నివసించెను. 1783 వ సంవత్సరపు వేసవి సంధి షరతులతో గడచుచుండెను. ఆ సమయముననే ఆకాశమునకు వింత మార్పు వచ్చెను. జూను మాసము నడిమినుండి యూరపు ఖండమంతటను పొగవంటి మంచు ఆవరించెను. అది ఎండకు కరగునట్టి మంచు కాదు. తడిలేని పొడి మంచు. ఉదయాస్తమయములయందు సూర్యుడు రక్తవర్ణమున కనబడెను. కొన్ని చోట్ల గంధకపు వాసన వేసెను. భూతద్దము పట్టి ఎండను కాగితముపై ఒక్కచోటికి కూర్చినను, మామూలుగా క్షణములో అంటుకొను కాగితము రాజుకొనుట దుర్లభమయ్యెనని ఫ్రాంక్లిను వ్రాసియున్నాడు. వాకిటిలో బాలురు ఆడుకొను భూతద్దమే అతనికి సూర్యతాపమును కొలుచు సాధనమైనది!

ఆ మంచు పుట్టిన చోటు ఉత్తరమున నున్న ఐస్‌లాండు ద్వీపము. 1783 జూను 8 వ తేదీ పెంతెకొస్తు పండుగ ఆదివారము ఉదయమున ఆ ద్వీపపు దక్షిణభాగమున లాకీ యను చోట నేల పగిలెను. పగులు పొడవు సుమారు 27 కిలోమీటర్లు. నూరింటికి పైగా బిలములనుండి కరగిన రాయి వెల్లువలై పొరలెను. ఆ అగ్ని 8 నెలలు చల్లారక, 1784 ఫిబ్రవరి 7 వ తేదీకి గాని అణగలేదు. వెలువడిన విషవాయువులు పచ్చికపై పడి, దానిని మేసిన గొర్రెలలో నాల్గింట మూడు పాళ్లును, పశువులలో సగమును నశించెను. పిమ్మట వచ్చిన కరవులో ద్వీపవాసులలో సుమారు అయిదింట ఒకరు, అనగా 9,000 మందికి పైగా చనిపోయిరి.

ఆ ప్రాంతమున యోన్ స్తెయిన్‌గ్రిమ్సను అను సంఘకాపరి యుండెను. జూలై 20 వ తేదీ ఆదివారమున అగ్నిప్రవాహము ఆలయమువైపు వచ్చుచుండగా, అతడు సంఘమును లోపలికి చేర్చి, ఇదియే తుది ఆరాధన కావచ్చునను భావముతో ప్రార్థన నడిపెను. ఆరాధన ముగిసి వెలుపలికి రాగా ప్రవాహము ఆలయమును చేరకయే నిలిచియుండెను. ఆకలిగొన్నవారికి సహాయార్థము పంపబడిన ధనమును అధికారికి ముద్రతో నప్పగింపక, త్రోవలోనే దిక్కులేనివారికి పంచినందుకు అతడు మందలింపునకును, జరిమానాకును పాల్పడెను. అంతటి విపత్తులోను దినదినమును ఏమి జరిగెనో, వాన ఎట్టి రంగున పడెనో, పశువులకు ఏ వ్యాధి పుట్టెనో అతడు వివరముగా వ్రాసిపెట్టెను. నేటి శాస్త్రజ్ఞులకు ఆ వ్రాతలే ప్రధానాధారము.

ఒకడు మంటను చూచెను, దాని పొగ ఎందాక పోయెనో ఎరుగడు. ఒకడు పొగను చూచెను, మంట ఎక్కడిదో ఎరుగడు. ఆ కాలమున తంతివార్తలు లేవు. ఐస్‌లాండు వార్త ఆగస్టు గడచువరకు డెన్మార్కు రాజధానికే చేరలేదు. అప్పటికే పొగ యూరపునంతటిని చుట్టివేసెను. ఇంగ్లండులో సెల్బోర్ను గ్రామమున గిల్బర్టు వైటు అను మతగురువు, మధ్యాహ్నసూర్యుడు మబ్బుపట్టిన చంద్రునివలె తేజోహీనుడై యుండుటను తన ప్రకృతి గ్రంథమున వర్ణించెను. ఆ వేసవిలోను, దాని వెనుక వచ్చిన శీతకాలములోను ఇంగ్లండున చనిపోయినవారి సంఖ్య మామూలుకన్న వేలకొలది హెచ్చెను. గ్రామ సంఘముల మరణ పుస్తకములే ఇందుకు సాక్ష్యము. శీతకాలమా, యూరపులోను అమెరికా తూర్పు తీరముననుకూడ అత్యంత దారుణముగ నుండెను.

1784 మే నెలలో ఫ్రాంక్లిను ఈ విషయములను కూర్చి ఒక చిన్న వ్యాసము వ్రాసెను. అది మాంచెస్టరు నగరపు సాహిత్య తత్త్వశాస్త్ర సమాజమునందు ఆ యేడు డిసెంబరు 22 వ తేదీన చదువబడెను. అందలి తర్కము ఇది: పొగమంచు సూర్యకిరణములను బలహీనపరచెను. అందువలన వేసవిలో నేల వేడెక్కవలసినంత వేడెక్కలేదు. నేల చల్లగా నుండుటచే తొలి మంచు కరగక నిలిచెను. దానిపై మరింత మంచు పేరుకొని గాలిని ఇంకను చల్లబరచెను. శీతకాలపు కాఠిన్యమునకు వేసవి పొగయే హేతువై యుండవచ్చును. ఆ పొగ ఎక్కడిది? ఆకాశమున మండిపోయిన ఉల్కనుండి వచ్చెనో, ఐస్‌లాండులోని హెక్లా పర్వతమునుండియో, ఆ ద్వీపము చెంత సముద్రమున కొత్తగా లేచిన అగ్నిపర్వతమునుండియో గాలులచే వ్యాపించెనో అతడు నిర్ణయింపలేదు. ఊహను ఊహగానే చెప్పెను. చివర మాత్రము ఒక పని సూచించెను. చరిత్రలో ప్రసిద్ధికెక్కిన ఇతర కఠిన శీతకాలములకు ముందును ఇట్టి పొగమంచు వేసవియందు కనబడెనా యని వెదకవలెను. అట్లు తేలినచో, ఇకముందు వేసవిలో పొగను చూచినవారు రానున్న చలికి ముందుగానే సిద్ధపడగలరు. పంచాంగపు జోస్యములను చూచి నవ్వినవాడు, ముసలితనమున నిజమైన జోస్యమునకు త్రోవ చూపుటకు యత్నించెను.

నేటి శాస్త్రము ఈ తర్కమును ఎంతవరకు అంగీకరించినదో చూతము. లాకీనుండి వెలువడిన గంధకవాయువు సుమారు 12 కోట్ల టన్నులని గణించిరి. ఆ వాయువు గాలిలోని తేమతో కలసి గంధకామ్లపు సూక్ష్మబిందువులగును. ఇవి కంటికి కనబడనంత చిన్నవి. తలవెంట్రుక మందములో నూరవ వంతైనను ఉండవు. అందుచేత త్వరగా నేలకు దిగక గాలివెంట వేలకొలది మైళ్లు పోవును. సూర్యకిరణములను కొంతవరకు తిరిగి ఆకాశమునకే త్రిప్పివేయును. వానలు పుట్టు క్రింది గాలిలో నున్నవి పది దినములలోపుననే వానతో కడిగివేయబడును. మేఘములకు పైనున్న పొరలోనికి చేరినవి మాత్రము వాన అందని చోట నుండుటచే ఏడాది రెండేండ్ల వరకు నిలిచి భూమినంతటిని చుట్టును. మసి అట్లు కాదు. అది నల్లనిది గనుక ఎండను తానే పీల్చుకొని చుట్టునున్న గాలిని వేడిచేసి, నేలకు మాత్రము నీడపట్టును. కావున గాలిలోని రేణువు ఎట్టిది, ఎంత ఎత్తున నున్నది అనుదానినిబట్టి దాని ఫలితము మారుచుండును.

ఫ్రాంక్లిను పొరపడిన సంగతులును దాచరాదు. అగ్ని హెక్లాలో పుట్టలేదు, సముద్రమునను పుట్టలేదు. వేసవియంతయు చల్లగా నుండెననుటయు సరికాదు. 1783 జూలైలో పశ్చిమ యూరపున తీవ్రమైన వేడి కలిగెను. ఆ శీతకాలపు చలికి లాకీ పొగకన్న సముద్రములును, గాలులును స్వభావసిద్ధముగా మారుటయే ముఖ్యకారణమై యుండునని 2011 లో కొందరు శాస్త్రజ్ఞులు వాదించిరి. ఇంకొకవైపు, ఫ్రాంక్లిను ఊహింపని ఫలితము దూరదేశమున కనబడినది. 1783 లోను 1784 లోను నైలునదికి చాలినంత వరద రాలేదు. ఈజిప్టున కరవు వచ్చెను. ఉత్తరభూములు చల్లబడినప్పుడు నేలకును సముద్రమునకును నుండవలసిన వేడి వ్యత్యాసము తగ్గి, ఆఫ్రికాలోను ఇండియాలోను ఋతుపవనము బలహీనమగునని 2006 లో గణనయంత్రముల సహాయమున చూపిరి. ఐస్‌లాండు నేల పగులుటకును, నైలుతీరపు రైతు చేను ఎండుటకును సంబంధముండునని ఎవరు తలంతురు? ఫ్రాంక్లిను సమాధానము సగము తప్పినను, దూరమున నున్న కారణమును వెదకుమన్న అతని సలహా తప్పలేదు.

1785 లో అతడు స్వదేశమునకు మరలెను. మూత్రకోశమున రాయి పుట్టి బాధించుచున్నను, ఓడలో కూర్చుండి సముద్రజలముల వేడిని కొలుచుచు, పొగచుట్టు పొయ్యిలను బాగుచేయు విధమును గూర్చి వ్రాయుచు ప్రయాణము గడపెను. 1787 లో సంయుక్త రాష్ట్రముల రాజ్యాంగమును రచించిన సభలో అందరికన్న పెద్దవాడు అతడే. ఒక కాలమున తన యింట బానిసల నుంచుకొన్న ఫ్రాంక్లిను, తన తప్పు తాను తెలిసికొని, బానిసత్వ నిర్మూలన సంఘమునకు అధ్యక్షుడై, 1790 ఫిబ్రవరిలో శాసనసభకు వినతిపత్రము పంపెను. ఆ యేడు ఏప్రిలు 17 వ తేదీన, 84 వ యేట పరలోకగతుడయ్యెను. అతని అంత్యక్రియలకు ఇరువదివేలమంది వరకు వచ్చిరని చెప్పుదురు.

అతడు వేసిన ప్రశ్న అతనితో సమాధి కాలేదు. 1815 ఏప్రిలులో జావాకు తూర్పున నున్న తంబోరా పర్వతము పేలెను. మరుసటి యేట అతని జన్మభూమియగు న్యూ ఇంగ్లండులో జూను మాసమున మంచు కురిసి పైరు చెడెను. యూరపున పంటలు పోయి రొట్టెకై దొమ్మీలు జరిగెను. కాని అప్పటివారిలో ఎవ్వరును దానిని తంబోరాతో ముడిపెట్టలేదు. 1883 ఆగస్టు 26, 27 తేదీలలో క్రకటోవా పేలినప్పుడు తంతివార్తలు వచ్చియుండెను గనుక ప్రపంచమంతటను ఒకేసారి పరికించుట సాధ్యమయ్యెను. రెండు వారములలో దాని ధూళి భూమధ్యరేఖవెంట లోకమును చుట్టెను. ఆ సెప్టెంబరులో దక్షిణ ఇండియాలోను, సింహళములోను సూర్యుడు ఆకుపచ్చగా కనబడగా జనులు విభ్రాంతులైరి. మదరాసు క్రైస్తవ కళాశాలలో పదార్థవిజ్ఞానము బోధించుచుండిన మిచీ స్మిత్తు పండితుడు ఆ ఆకుపచ్చ సూర్యుని వెలుగును పరీక్షించి వ్రాసిన నివేదిక ఎడింబరో రాయల్ సొసైటీకి చేరెను. మన తెలుగు బాలురెందరో చదువుకొన్న మిషను కళాశాల యొకటి ఈ చరిత్రలో పాలు పంచుకొనుట మనకు సంతోషకరము.

తుదకు 1991 జూను 15 వ తేదీన ఫిలిప్పీను ద్వీపములలో పినతూబో పర్వతము పేలి, ఒకటిన్నర నుండి రెండు కోట్ల టన్నుల గంధకవాయువును మేఘములకు పైకి చిమ్మెను. జేమ్సు హాన్సెను అను అమెరికా శాస్త్రజ్ఞుడును అతని సహచరులును లెక్కలు వేసి, రానున్న కాలమున భూమి సగటు వేడి సుమారు అర డిగ్రీ తగ్గుననియు, పిదప మరల పెరుగుననియు 1992 జనవరిలోనే ప్రకటించిరి. అట్లే జరిగినది. కారణమునుబట్టి ముందుగా చెప్పి, అది నెరవేరుట చూచితిమి. ఫ్రాంక్లిను కోరినది ఇట్టి జోస్యమునే కదా!

అగ్నిపర్వతములను మనుష్యుడు ఆపజాలడు. కాని నేడు ఆకాశమున నున్న పొగలో మనము వేయునదియు కొంత కాదు, చాల కలదు. 1999 లో వీరభద్రన్ రామనాథను, పౌలు క్రుట్జెను అను శాస్త్రజ్ఞుల నాయకత్వమున పలుదేశములవారు హిందూ మహాసముద్రముపై గాలిని పరీక్షించిరి. శీతకాలమున దక్షిణాసియానుండి పోయిన గోధుమవన్నె పొగ సముద్రముపై మూడు కిలోమీటర్ల ఎత్తువరకు వ్యాపించి, నీటిపై పడు ఎండను గణనీయముగా తగ్గించుచున్నదని కనుగొనిరి. మన వంటపొయ్యిల మసియు, ఇటుకబట్టీల పొగయు, మోటారుబండ్ల ధూమమును, బొగ్గు కాల్చు కర్మాగారముల గంధకమును, కోతలైన పిదప తగులబెట్టిన గడ్డి పొగయు అందు చేరియున్నవి. ఋతుపవనమునే నమ్ముకొని బ్రతుకు మన రైతులకు ఇది పరాయి సంగతి కాదు. నేలకు చేరు ఎండ తగ్గినచో సముద్రమునుండి లేచు ఆవిరియు, వానల తీరును మారును.

పొగ ఎండను తగ్గించి భూమిని చల్లబరచుట నిజమే గదా, బొగ్గుపులుసు వాయువువలన భూమి వేడెక్కుచున్న ఈ కాలమున అది మేలే గదా యని కొందరు అడుగుదురు. దానికి సమాధానము కష్టము కాదు. క్రింది గాలిలోని రేణువులు వారము పది దినములలో రాలిపోవును. బొగ్గుపులుసు వాయువు శతాబ్దముల తరబడి నిలుచును. ఆ నీడ తాత్కాలికము, అప్పు శాశ్వతము. అంతలో ఆ రేణువులు పసిబిడ్డల ఊపిరితిత్తులలోనికి పోయి వ్యాధులను కలిగించుచుండును. 1783 లో ఇంగ్లండు పొలములలో కూలివారు కారణమెరుగకయే కుప్పకూలిరి. కారణమెరిగిన మనకు ఆ సాకు లేదు.

ఫ్రాంక్లిను జీవితమునుండి మన విద్యార్థులు నేర్చుకొనదగినవి పెక్కులున్నను, ఒక్కదానిని మాత్రము ఇచ్చట నొక్కి చెప్పుదుము. అతడు చూచిన పొగను యూరపున కోట్లమంది చూచిరి. చాలమంది భయపడిరి, కొందరు ప్రళయమనుకొనిరి, కొంతకాలమునకు మరచిరి. అతడు భూతద్దమును తీసి ఎండ బలమును చూచెను, చూచినదానిని వ్రాసెను, తెలియనిదానిని తెలియదనెను, తరువాతివారు చేయవలసిన పనిని చెప్పిపోయెను. ఐస్‌లాండు సంఘకాపరియు ఆకలిలో, కన్నీటిలో అదే పని చేసెను. ఆ యిద్దరి వ్రాతలు కలిసిన పిదపనే లోకమునకు పూర్తి కథ తెలిసినది. భూతద్దము మన బాలురయొద్దను కలదు, వ్రాయుటకు పుస్తకమును కలదు. తెల్లవారుజామున ఊరిమీద నిలుచు పొగను చూచినప్పుడు, అది ఎచ్చటనుండి వచ్చెను, ఎచ్చటికి పోవును, ఎవరి ఇంటి పంటను, ఎవరి పసివాని ఊపిరిని అంటును అని ఒక్కమారు ఆలోచింపుడని మా విన్నపము.